మతిమరుపు, ఏకాగ్రత లోపం, స్ట్రోక్ తర్వాతి తికమక: ఏ పరీక్ష చేయించాలి, ఏ థెరపీ ఎంచుకోవాలి?

జ్ఞాపకశక్తి పరీక్ష అనే ఒక్క పేరు మీద మూడు రకాల సేవలు నడుస్తున్నాయి. పది నిమిషాల్లో ముప్పై మార్కులకు అయిపోయే స్క్రీనింగ్ ఒకటి. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి గానీ తెమలని మెదడు సామర్థ్యాలను ఒక్కొక్కటిగా కొలిచే పూర్తి న్యూరోసైకలాజికల్ అసెస్‌మెంట్ ఒకటి. కంప్యూటర్ ముందు బటన్లు నొక్కించి, చివర్లో రంగురంగుల గ్రాఫు చేతిలో పెట్టేది ఇంకొకటి. థెరపీ దగ్గరికొస్తే గందరగోళం రెట్టింపు. మెదడు వ్యాయామాల యాప్ నుంచి నెలల తరబడి సాగే పునరావాస కార్యక్రమం దాకా అన్నిటినీ "కాగ్నిటివ్ థెరపీ" అనే అంటారు. వీటిలో ఏది మంచిదని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. మీకు ఏ ప్రశ్న తేలాలో చెబితే మాత్రం చెప్పొచ్చు.

అందుకే ముందు ఆ ప్రశ్నను ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టండి. "నాన్న అన్నీ మర్చిపోతున్నారు" అంటే అది ఫిర్యాదు. "ఈ మరుపు వయసుతో వచ్చేదేనా, జబ్బా?" అంటే ప్రశ్న. "స్ట్రోక్ వచ్చి నాలుగు నెలలైంది, లెక్కలు చూసే ఉద్యోగంలో మళ్లీ చేరొచ్చా?" అన్నదీ ప్రశ్నే. "అమ్మ మందులు రెండేసి సార్లు వేసుకుంటోంది, ఆపేదెలా?" అనేది వేరే రకం ప్రశ్న. డాక్టరు ఇప్పటికే జబ్బు తేల్చి ఉంటే దీనికి పెద్ద పరీక్షలేవీ అక్కర్లేదు, నేరుగా రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి వెళ్లొచ్చు. ప్రశ్న రాసుకోకుండా వెళ్లినవాళ్లకు చివరికి ఇరవై పేజీల రిపోర్టు వస్తుంది, అందులో వాళ్లకు కావలసిన ఒక్క వాక్యం ఉండదు.

పరీక్షకు ముందే తేల్చుకోవలసినవి

తికమక గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో హఠాత్తుగా మొదలైతే ఏ అసెస్‌మెంట్ కోసమూ ఆగకూడదు. మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం తోడైతే స్ట్రోక్ అనుకుని తక్షణం అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. పెద్ద వయసువారిలో జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో ఉప్పు శాతం పడిపోవడం, కొత్తగా మొదలైన మందు, ఇవన్నీ డెలిరియం, అంటే హఠాత్తుగా కమ్మే అయోమయ స్థితి, తెస్తాయి. డెలిరియంలో ఉండగా చేసిన జ్ఞాపకశక్తి పరీక్షకు విలువ లేదు.

నిదానంగా వచ్చిన మరుపయితే కుటుంబ వైద్యుడో న్యూరాలజిస్టో ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు, షుగరు, సోడియం, కిడ్నీ, లివర్ ఫలితాలు, అవసరమైతే మెదడుకు సీటీ గానీ ఎమ్మారై గానీ. తలకు చిన్న దెబ్బ తగిలిన కొన్ని వారాలకు మెదడు పొరల మధ్య నెమ్మదిగా రక్తం చేరి, మరుపుగా బయటపడడం పెద్దవాళ్లలో అరుదేమీ కాదు. గురకతో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా, డిప్రెషన్, మద్యం, ఇవీ లెక్కలోకి రావాలి. మందుల చీటీ మొత్తం చూపించండి. నిద్రమాత్రలు, అలర్జీకి వాడే డైఫెన్‌హైడ్రమిన్, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటివి జ్ఞాపకశక్తిని మందగింపజేస్తాయి. అలాగని సొంతంగా మానేయకూడదు, కొన్నిటిని ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

వినికిడి గురించి ఎవరూ తలచుకోరు. పదిహేను పదాలు చదివి వినిపించే పరీక్షలో నాలుగు పదాలు సరిగా వినపడకపోతే, ఆ నాలుగూ మరుపు ఖాతాలోకే పోతాయి. వినికిడి యంత్రం, కళ్లద్దాలు లేకుండా వచ్చినవారికి పరీక్ష మొదలుపెట్టే కేంద్రం కంటే, వాటితో రేపు రమ్మని పంపేసే కేంద్రం మేలు.

స్క్రీనింగా, పూర్తి అసెస్‌మెంటా?

స్క్రీనింగ్ పరీక్షల్లో తరచు వినిపించే పేర్లు మూడు. 1975లో వచ్చిన ఎంఎంఎస్‌ఈకి 30 మార్కులు. తేదీ, చోటు, మూడు పదాలు గుర్తుంచుకోవడం వంటివి అడుగుతుంది. ప్రణాళిక వేయడం, ఒక పని మీంచి మరో పని మీదకు మనసు మళ్లించడం వంటి సామర్థ్యాలను దాదాపు తాకదు. బాగా చదువుకున్నవాళ్లు జబ్బు మొదలైన తర్వాత కూడా ఇందులో 28, 29 తెచ్చేసుకుంటారు. 2005లో ప్రచురితమైన మోకా కూడా 30 మార్కులదే, పది నిమిషాలదే, కానీ కాస్త కఠినం. గడియారం బొమ్మ, అంకెలూ అక్షరాలూ మార్చిమార్చి కలపడం, అయిదు పదాలు గుర్తుంచుకోవడం ఉంటాయి. అసలు రచయితలు 26, ఆపైన ఉంటే సాధారణం అన్నారు, పన్నెండేళ్లు అంతకన్నా తక్కువ చదువుకున్నవారికి ఒక మార్కు కలిపారు. ఆ గీతను ఎక్కడపడితే అక్కడ యథాతథంగా వాడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎందరో ఫెయిలవుతారు. మూడోది అడెన్‌బ్రూక్స్, దాని మూడో రూపం ఏసీఈ-3. మొత్తం 100 మార్కులు: ఏకాగ్రత 18, జ్ఞాపకం 26, పదధార (నిమిషంలో ఎన్ని పదాలు చెప్పగలరన్నది) 14, భాష 26, చూపుతో స్థలాన్ని పోల్చుకోవడం 16. పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. లోపం ఎక్కడుందో పైపైన అయినా చూపించగలిగేది ఈ మూడింటిలో ఇదొక్కటే.

స్క్రీనింగ్ చేసే పని ఒకటే, ఇంకా లోతుగా చూడాలా వద్దా అని చెప్పడం. దాని మీద ఆధారపడి "డిమెన్షియా" (రోజువారీ పనులకు అడ్డొచ్చేంతగా మతి తగ్గే జబ్బు) అని రాసిచ్చేస్తే నమ్మకండి. "అంతా బాగానే ఉంది" అని రాసిచ్చినా, ఇంట్లో మార్పు కళ్లకు కడుతుంటే అదీ నమ్మకండి.

పూర్తి అసెస్‌మెంట్‌లో నాలుగు భాగాలుంటాయి. మొదట ఇంటర్వ్యూ, మనిషితో ఒకసారి, దగ్గరివారితో విడిగా ఒకసారి. తర్వాత పరీక్షలు, సాధారణంగా మూడు నుంచి ఆరు గంటలు. ఆపైన స్కోరింగు, రిపోర్టు. చివరగా కూర్చోబెట్టి ఫలితం వివరించే సమావేశం. ఏ కేంద్రంలోనైనా ఈ నాలుగో భాగం విడిగా ఉందో లేదో ముందే అడగండి. రిపోర్టు మెయిల్‌లో పంపేసి చేతులు దులుపుకునే చోట సగం సేవే అందుతున్నట్టు.

మధ్యలో మరో దారి ఉంది, దానికి రావలసినంత పేరు రాలేదు. గంటా రెండు గంటల్లో ఒక ప్రశ్న చుట్టూ ఎంచుకున్న ఏడెనిమిది పరీక్షలతో చేసే చిన్న అసెస్‌మెంట్ అది. డెబ్బై దాటినవారికి, త్వరగా అలసిపోయేవారికి, "మరుపు పెరుగుతోందా, లేదా" అన్నంత మేరకే ప్రశ్న ఉన్నవారికి ఇది చాలు. పూర్తి బ్యాటరీ (పరీక్షల మొత్తం వరస) అవసరమయ్యే సందర్భాలు వేరే: యాభై, అరవై లోపు వయసులో మొదలైన మార్పు, ఉద్యోగానికి తిరిగి వెళ్లే నిర్ణయం, కోర్టు లేదా పరిహారం వ్యవహారం, మూర్ఛకు మెదడు ఆపరేషన్, స్కాన్ ఒకటి చెప్పి మనిషి తీరు మరొకటి చెప్పే కేసులు.

కంప్యూటర్ పరీక్షల బలం వేగాన్ని కొలవడంలో ఉంది. స్పందించడానికి పట్టే సమయాన్ని మిల్లీసెకన్లలో పట్టగలవు. ఆటలో తలకు దెబ్బ తగిలినవారిని ముందు, తర్వాత పోల్చడానికి బాగుంటాయి. కానీ మౌసు, టచ్‌స్క్రీన్ అలవాటు లేనివాళ్లలో అవి కొలిచేది ఆ అలవాటు లేకపోవడాన్నే. ఇంకో లోపం, పక్కన చూసే మనిషి ఉండరు. ప్రశ్న అర్థంకాక తప్పు చేశారా, అర్థమై మర్చిపోయారా, మధ్యలో విసిగి ఏదో ఒకటి నొక్కేశారా అన్నది గ్రాఫులో కనిపించదు.

వీడియో కాల్ మీద చేసే అసెస్‌మెంట్‌కు కూడా హద్దులున్నాయి. పదాల జాబితాలు, అంకెలు తిరగేసి చెప్పడం, పదధార వంటి నోటి పరీక్షలు వీడియోలో చేసినా ఎదురుగా చేసినా ఫలితాలు దగ్గరగానే వస్తాయి. బ్లాకులు పేర్చడం, బొమ్మ చూసి గీయడం, చేతి వేగం వంటివి కుదరవు. చేయించాలనుకుంటే ఫోను తెర మీద వద్దు, ల్యాప్‌టాప్ గానీ అంతకంటే పెద్ద తెర గానీ పెట్టండి. తలుపు మూసిన గది, హెడ్‌ఫోన్ ఉండాలి. కుటుంబ సభ్యులు కాల్ కలిపి పక్క గదిలోకి వెళ్లిపోవాలి. వెనకనుంచి పెదవి కదిపి జవాబు అందించే కొడుకో కోడలో వల్ల పాడైన ఫలితాలకు లెక్కలేదు.

తెలుగులో చేస్తారా?

రెండు కేంద్రాల మధ్య ఎంచుకోవాల్సి వస్తే మేం మొదట వేసే ప్రశ్న ఇదే. "తెలుగు తెలిసినవాళ్లు ఉన్నారు" అన్న జవాబు చాలదు. ఇంగ్లీషు పరీక్షను అప్పటికప్పుడు నోటితో తెలుగులోకి మార్చి అడిగితే, దాని మార్కులను పోల్చడానికి ఆధారమే ఉండదు. ఎందుకో కాస్త దగ్గరగా చూద్దాం.

అంకెలు వినిపించి అదే వరసలో చెప్పమనే పరీక్ష అందరికీ ఒకేలా ఉంటుందని అనిపిస్తుంది. ఉండదు. ఇంగ్లీషు అంకెల్లో ఏడు తప్ప తొమ్మిది దాకా అన్నీ ఒక్క ఊపులో పలికేవే. తెలుగులో "ఎనిమిది" నాలుగక్షరాలు, "తొమ్మిది", "నాలుగు", "ఒకటి" మూడేసి. పలకడానికి ఎక్కువసేపు పట్టే పదాలు తాత్కాలిక జ్ఞాపకంలో తక్కువే పడతాయని 1975 నుంచీ తెలుసు. వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారిలో అంకెల సంఖ్య భాషను బట్టి మారడం 1980లో ప్రచురితమైంది. కాబట్టి ఇంగ్లీషువారి నుంచి సేకరించిన పోలిక మార్కులతో, అంటే నార్మ్స్‌తో పోల్చి "ఏకాగ్రత తక్కువ" అంటే అందులో భాష వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. పైగా మనలో చాలామంది ఫోను నంబరు చెప్పేటప్పుడు ఇంగ్లీషు అంకెలే వాడతారు. పరీక్షకుడు ఏ భాషలో చదివారో, మనిషి ఏ భాషలో జవాబిచ్చారో రిపోర్టులో రాసి ఉండాలి.

ఒక అక్షరంతో మొదలయ్యే పదాలు నిమిషంలో ఎన్ని చెప్పగలరన్నది మరో పరీక్ష. "ప" ఇస్తే "పిల్లి", "పులి", "పొలం" లెక్కకొస్తాయా, "పలక", "పడవ" మాత్రమేనా? గుణింతం సంగతి ముందే తేల్చకుండా చేసిన పరీక్ష చెల్లదు. జంతువుల పేర్లు, కూరగాయల పేర్లు చెప్పమనడం ఈ చిక్కు లేని పద్ధతి. జబ్బుకు ముందు మనిషి స్థాయి ఎంతో అంచనా వేయడానికి, స్పెల్లింగు ఒకలా ఉచ్చారణ మరోలా ఉండే మాటలు చదివించడం ఇంగ్లీషు దేశాల్లో వాడుక. మన లిపిలో రాసినట్టే చదువుతాం కాబట్టి ఆ కిటుకు ఇక్కడ పారదు. చదువు, చేసిన ఉద్యోగం, ఒకప్పుడు అవలీలగా చేసిన పనులు, ఇవే ఆధారం. పరీక్షకుడు వీటి గురించి వివరంగా అడిగితే అది కాలక్షేపం కబురని అనుకోకండి.

చదువుకోనివారికి పెన్సిలు పట్టుకోవడమే ఒక పరీక్ష. గడియారం గీయమంటే గీయలేకపోవడం వారిలో జబ్బు గుర్తు కాకపోవచ్చు. మోకా పరీక్షలో చదువు తక్కువ ఉన్నవారి కోసం విడిగా "బేసిక్" రూపం ఉంది. అక్షరాలకు బదులు రంగుల వలయాలు కలిపే కలర్ ట్రయల్స్ ఉంది. వీటి పేర్లు చెబితే తల ఊపగలిగిన కేంద్రం ఈ సమస్యను ముందే ఎదుర్కొని ఉన్నట్టు.

ఒక పరీక్షలో ఏం కనిపిస్తుంది

మార్కు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదనడానికి ఒక ఉదాహరణ. రే పదాల జాబితా పరీక్షలో పదిహేను పదాలు చదివి, గుర్తున్నవి చెప్పమంటారు. అదే జాబితా అయిదుసార్లు. తర్వాత వేరే జాబితా ఒకటి చదివి, వెంటనే మొదటి జాబితా మళ్లీ అడుగుతారు. ఇరవై, ముప్పై నిమిషాల తర్వాత ఇంకోసారి. చివర్లో పదాలు చూపిస్తూ "ఇది ఆ జాబితాలో ఉందా?" అని అడుగుతారు.

ఇద్దరు మనుషుల్ని ఊహించుకోండి. మొదటివారు అయిదుసార్లలో 4, 5, 5, 6, 6 చెప్పారు. అరగంట తర్వాత సున్నా. గుర్తుపట్టే దశలోనూ లేని పదాలకు అవునంటున్నారు. కొత్త విషయం మెదడులో నిలవడమే లేదు. అల్జీమర్స్‌లో తరచు కనిపించే తీరు ఇది. రెండోవారు కూడా 4, 5, 5, 6, 6 దగ్గరే ఆగారు. అరగంట తర్వాత 5 చెప్పారు, గుర్తుపట్టేటప్పుడు 14 సరిగా పట్టుకున్నారు. విషయం లోపల ఉంది, తవ్వి తీయడమే కష్టం. చిన్న రక్తనాళాల జబ్బు, డిప్రెషన్, పార్కిన్‌సన్స్ వంటివాటిలో ఇలా ఉంటుంది. అయిదు విడతల మొత్తం ఇద్దరికీ 26. థెరపీ మాత్రం ఇద్దరికీ వేరు. రెండోవారికి గోడ మీద చీటీ, "ఉదయం ఏదో పని ఉందన్నారు" వంటి చిన్న సూచన పనిచేస్తాయి. మొదటివారికి సూచన ఇచ్చినా తీయడానికి లోపల ఏమీ ఉండదు.

రిపోర్టులో అంకెలు మూడు కొలతల్లో వస్తాయి. సగటు 100 గా ఉండేది, సగటు 10 గా ఉండేది, సగటు 50 గా ఉండేది. మొదటిదానిలో 85, రెండోదానిలో 7, మూడోదానిలో 40, మూడూ ఒకటే, దాదాపు 16వ పర్సంటైల్. అంటే అదే వయసువారు నూరుమందిలో పదహారు మంది ఆ స్థాయిలో గానీ అంతకు దిగువన గానీ ఉంటారు. 70, 4, 30 అయితే 2వ పర్సంటైల్. పర్సంటైల్‌ను నూటికి వచ్చిన మార్కులనుకుని బెంబేలెత్తే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంకొకటి, ఇరవై పరీక్షలు చేస్తే ఆరోగ్యవంతులకు కూడా ఒకట్రెండు తక్కువ రావడం మామూలే. ఒంటరిగా ఉన్న ఒక్క తక్కువ మార్కును పట్టుకుని జబ్బు పేరు పెట్టిన రిపోర్టు బలహీనమైనది.

పరీక్షల్లో మనిషి పూర్తి శ్రద్ధ పెట్టారా అని చూసే అంశాలు కొన్ని కలిసి ఉంటాయి. అవి అబద్ధం పట్టుకోవడానికే అనుకోనక్కర్లేదు. నొప్పి, నిద్రలేమి, ఆందోళన వల్ల కూడా ఫలితం చెడుతుంది, ఆ సంగతి తెలియాలి. పరీక్షల నమూనాలు వెతికి ఇంట్లో సాధన చేయించి తీసుకురావద్దు. మార్కు పెరుగుతుంది, జబ్బు దాగిపోతుంది, తర్వాత ఏడాది పోల్చడానికి పునాదే ఉండదు.

పరీక్ష రోజున మందులు మామూలుగానే వేసుకోవాలి, ముందు రాత్రి నిద్ర ఉండాలి, కడుపు ఖాళీగా ఉండకూడదు. పార్కిన్‌సన్స్ ఉన్నవారైతే మందు బాగా పనిచేసే గంటల్లోనే సమయం తీసుకోండి. పాత రిపోర్టులు, స్కాన్ నివేదికలతో పాటు ఈ మధ్య జరిగిన అయిదారు ఘటనలు తేదీలతో రాసుకెళ్లండి. "గ్యాస్ కట్టేయడం రెండుసార్లు మరిచారు, తెలిసిన దారిలో ఒకసారి తప్పిపోయారు" అన్న రెండు ముక్కలు "మతిమరుపు ఎక్కువైంది" కంటే పదిరెట్లు పనికొస్తాయి.

ఎవరి దగ్గరికి?

న్యూరాలజిస్టు జబ్బు కారణం వెతుకుతారు, మందు ఇస్తారు. సైకియాట్రిస్టు డిప్రెషన్, భ్రమలు, ప్రవర్తన మార్పులు చూస్తారు. మెదడులో ఏ సామర్థ్యం ఎంత మిగిలిందో కొలిచేది న్యూరోసైకాలజిస్టు, లేదా ఆ శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టు. మాట దొరకకపోవడం, విన్నది అర్థంకాకపోవడం, మింగడంలో ఇబ్బంది స్పీచ్ థెరపిస్టు పని. వంట, స్నానం, డబ్బు లెక్క, ప్రయాణం ఆక్యుపేషనల్ థెరపిస్టు పని. రిపోర్టు మీద సంతకం చేసేవారే స్వయంగా మనిషిని చూశారా, లేక సహాయకులు పరీక్ష చేస్తే పైనుంచి సంతకం పెట్టారా అని అడగడంలో తప్పులేదు. సహాయకులు చేయడం తప్పు కాదు. ఇంటర్వ్యూ మాత్రం సంతకం పెట్టేవారే చేయాలి.

థెరపీలు: నాలుగు దారులు

మొదటిది సామర్థ్యాన్నే పెంచుతామనే శిక్షణ: యాప్‌లు, కంప్యూటర్ ఆటలు, ఏకాగ్రత అభ్యాసాలు. అభ్యాసం చేసిన ఆటలో మార్కులు పెరగడం నిజం. ఆ మెరుగు ఇంటి పనుల్లోకి రావడమే కష్టం. జీవితమంతా మారిపోతుందన్నట్టు ప్రకటనలిచ్చిన మెదడు ఆటల యాప్ లుమోసిటీ సంస్థ 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కేసు రాజీ చేసుకుని 20 లక్షల డాలర్లు చెల్లించింది. 2018లో వచ్చిన బ్రిటన్ నైస్ (చికిత్సల మీద సలహాలిచ్చే ప్రభుత్వ సంస్థ) మార్గదర్శకాలు స్వల్ప, మధ్యస్థ అల్జీమర్స్‌కు ఇలాంటి శిక్షణ ఇవ్వవద్దనే అన్నాయి. తలకు గాయమైన తర్వాత థెరపిస్టు పక్కనుండి చేయించే ఏకాగ్రత అభ్యాసం సంగతి వేరు, అక్కడ అభ్యాసంతో పాటు దాన్ని నిజమైన పనిలో వాడే పద్ధతి కూడా నేర్పుతారు. యాప్‌ను సరదాకు వాడితే నష్టం లేదు. చికిత్స అనుకుని మిగతావి మానేస్తేనే నష్టం.

రెండోది లోపాన్ని చుట్టుతిరిగి వెళ్లే దారి: డైరీ, అలారం, గోడ పలక, డబ్బాల మీద బొమ్మలు. వినడానికి చప్పగా ఉంటుంది. కానీ ఆధారాలు గట్టిగా ఉన్నది దీనికే. 2001లో బ్రిటన్‌లో 143 మందితో చేసిన ప్రయోగంలో, సమయానికి పని గుర్తుచేసే పేజర్ ఇచ్చినప్పుడు ఎక్కువమంది తమ పనులు మరవకుండా చేసుకున్నారు. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తుంది. అయితే ఫోను కొనిచ్చి "అలారం పెట్టుకో" అంటే సరిపోదు. అలారం మోగితే ఏం చేయాలో నేర్పాలి, దాన్ని ఆపేసి పని మరిచిపోకుండా చూడాలి. "మందు" అని రాస్తే చాలదు, "నీలం డబ్బా, మంగళవారం గడి, నీళ్లతో, వేసుకున్నాకే ఆపు" అని రాయాలి.

కొత్త అలవాటును జ్ఞాపకం దెబ్బతిన్నవారికి నేర్పే పద్ధతి మామూలు చదువులా ఉండకూడదు. "గుర్తుచేసుకో, ఊహించు" అంటే వాళ్లు తప్పు చెబుతారు, ఆ తప్పే నాటుకుపోతుంది. అందుకని తప్పుకు అవకాశమే ఇవ్వకుండా నేర్పుతారు. 1994 నుంచి ఈ పద్ధతి మీద పరిశోధన ఉంది. దానికి తోడు విరామాలు పెంచుకుంటూ పోవడం: "మందులు ఎక్కడ?" "నీలం డబ్బాలో." వెంటనే ఒకసారి, 15 సెకన్లకు, 30 సెకన్లకు, నిమిషానికి, రెండు, నాలుగు, ఎనిమిది నిమిషాలకు అడగాలి. తప్పితే జవాబు మీరే చెప్పి, చివరిసారి సరిగా చెప్పిన విరామానికి వెనక్కి రావాలి. విరామాల మధ్య మామూలు కబుర్లే. ఒక దఫాకు ఒకే విషయం. ఇంట్లోవాళ్లు చేసే పొరపాటు, ఉత్సాహం కొద్దీ మూడు విషయాలు కలిపేయడం.

మూడోది లక్ష్యం పెట్టుకుని చేసే పునరావాసం. మనిషే రెండు మూడు లక్ష్యాలు ఎంచుకుంటారు: మనవడి పేరు, టీ పెట్టుకోవడం, బస్సెక్కి గుడికి వెళ్లి రావడం. థెరపిస్టు ఇంటికే వచ్చి ఆ పనిని ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క దగ్గర తెగుతోందో చూసి, అక్కడ పైన చెప్పిన సాధనాల్లో ఒకటి పెడతారు. తొలిదశ డిమెన్షియా ఉన్న 475 మందితో బ్రిటన్‌లో చేసిన పెద్ద ప్రయోగం 2019లో వెలువడింది. మూడు నెలల్లో 10 దఫాలు, ఆపై ఆరు నెలల్లో 4. ఎంచుకున్న పనుల్లో మెరుగు వచ్చింది, తొమ్మిదో నెలకూ నిలిచింది. జ్ఞాపకశక్తి పరీక్షల మార్కులు, మూడ్ మాత్రం మారలేదు. ఈ రెండు వాక్యాల్నీ కలిపి చెప్పే థెరపిస్టు నిజాయితీపరులు. మొదటిదొక్కటే చెప్పేవారి దగ్గర కాస్త జాగ్రత్త.

నాలుగోది గుంపుగా చేసే కాగ్నిటివ్ స్టిమ్యులేషన్. స్వల్ప, మధ్యస్థ డిమెన్షియా ఉన్నవారు అయిదారుగురు కూర్చుని పాటలు, వార్తలు, పాత వస్తువులు, డబ్బు లెక్కలు వంటి అంశాల మీద మాట్లాడుకుంటారు. అసలు నమూనాలో వారానికి రెండు, ఏడు వారాలు, మొత్తం 14 దఫాలు, ఒక్కోటి 45 నిమిషాలు. నైస్ దీన్ని సిఫారసు చేసింది. నడిపేవారు "ఇదేంటో గుర్తుందా?" అని పరీక్ష పెడితే తప్పుగా నడుపుతున్నట్టు. "దీని గురించి మీకేమనిపిస్తుంది?" అని అడగాలి. వినికిడి బాగా తగ్గినవారు, గుంపంటే బెదిరేవారు ఇందులో ఇమడలేరు, వారికి ఇంట్లో ఒక్కరితో చేసే రూపమే నయం.

కేంద్రాన్ని తూచేటప్పుడు మూడు ప్రశ్నలు చాలు. మా లక్ష్యం ఏమిటి, అది నెరవేరిందని దేన్ని బట్టి తెలుస్తుంది, ఎన్ని దఫాల తర్వాత ఆపాలా సాగించాలా అని చూస్తారు? నలభై దఫాల ప్యాకేజీ ముందే రాసి, లక్ష్యం తర్వాత చూద్దామనే చోట చేరకండి. ఇంట్లో ఉండేవారికి నేర్పని థెరపీ గది గుమ్మం దాటదు, కాబట్టి ప్రతి దఫాలో పదిహేను నిమిషాలైనా కుటుంబానికి కేటాయించాలి.

పరిస్థితిని బట్టి

స్ట్రోక్ తర్వాత మొదటి వారాల్లో మంచం దగ్గర చేసే స్క్రీనింగ్ చాలు. మాట పడిపోయినవారికి, ఒక పక్క చూపు వెళ్లనివారికి కూడా పనికొచ్చేలా తయారుచేసిన ఆక్స్‌ఫర్డ్ కాగ్నిటివ్ స్క్రీన్ ఇక్కడ మోకా కంటే మెరుగు. పూర్తి అసెస్‌మెంట్ మూడో నెల తర్వాత చేయిస్తే ఫలితం స్థిరంగా ఉంటుంది. థెరపీ మాత్రం అంతవరకూ ఆగకూడదు, ముందే మొదలవ్వాలి. కంచంలో ఎడమ సగం అన్నం మిగిల్చేస్తున్నారంటే అది ఆకలి లేకపోవడమని అనుకోకండి, ఎడమవైపును మెదడు పట్టించుకోవడం లేదేమోనని చూపించండి.

తలకు పెద్ద గాయమైతే, రోజువారీ విషయాలు మళ్లీ గుర్తుండడం మొదలయ్యేదాకా వివరమైన పరీక్షలు వ్యర్థం. చిన్న దెబ్బకు చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. లక్షణాలు మూడు నెలలు దాటి నిలిస్తే నిద్ర, తలనొప్పి, ఆందోళనలకు చికిత్స జరిగిందో లేదో చూసుకుని అప్పుడు అసెస్‌మెంట్.

తొలిదశ డిమెన్షియా అని డాక్టరు అప్పటికే తేల్చి ఉంటే, మరో పూర్తి బ్యాటరీకి పెట్టే శక్తి లక్ష్యాల పునరావాసం మీద పెట్టడమే మా సలహా. ఆర్థిక నిర్ణయాలు, వీలునామా వంటి వాటికి మానసిక సామర్థ్యం నిరూపించాల్సి వస్తే మాత్రం పరీక్షలు ఆలస్యం చేయకూడదు. డ్రైవింగు సంగతిని కాగితం పరీక్ష ఒక్కటే తేల్చలేదు, అనుమానం ఉంటే రోడ్డు మీద నడిపించి చూడాల్సిందే.

పెద్దవారిలో ఏకాగ్రత లోపం ఏడీహెచ్‌డీనా అన్న ప్రశ్నకు పరీక్ష మార్కుల కంటే చిన్ననాటి చరిత్రే ముఖ్యం. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. పాత ప్రోగ్రెస్ కార్డులు, అమ్మానాన్నల జ్ఞాపకాలు తీసుకెళ్లండి. అవి అడగకుండా కంప్యూటర్ పరీక్షతో తేల్చేచోట డబ్బు పోసి ఉపయోగం లేదు.

మూర్ఛకు మెదడు ఆపరేషన్ అనుకుంటున్నవారికి పూర్తి అసెస్‌మెంట్ ఐచ్ఛికం కాదు. తీసేయబోయే భాగం మీద భాష, జ్ఞాపకం ఎంత ఆధారపడి ఉన్నాయో, ఏం కోల్పోవచ్చో అందులోంచే తెలుస్తుంది. ఆపరేషన్ తర్వాత మళ్లీ చేసి పోల్చాలి.

మళ్లీ పరీక్ష ఎప్పుడన్న ప్రశ్నకు మామూలు జవాబు, ఆరు నుంచి పన్నెండు నెలలు. అంతకంటే ముందు చేస్తే పాత ప్రశ్నలు గుర్తుండి మార్కు పెరుగుతుంది. తొందరగా చేయక తప్పకపోతే అదే పరీక్షకు వేరే పదాలున్న ప్రత్యామ్నాయ రూపం వాడమనండి. మొదటిసారి చేసిన కేంద్రంలోనే చేయించడం మేలు, వీలుకాకపోతే ఏయే పరీక్షలు, ఏ భాషలో, ఏ నార్మ్స్‌తో చేశారో చూపే స్కోర్ల పట్టిక తీసుకెళ్లండి. అది రిపోర్టులో లేకపోతే మొదటి కేంద్రాన్ని అడిగి, కొత్త కేంద్రంలోని సైకాలజిస్టుకు నేరుగా పంపించమనండి.